నాజర్ తనకు తాను పెట్టుకున్న పేరు

(సత్తెనపల్లిలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నమ్మిన సిద్ధాంతం కోసం కష్టాన్ని నిగ్రహంతో, నిస్వార్థంగా ఎదుర్కొనడం అన్న విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు నన్ను ఆదేశించారు. ఇది మాట్లాడటానికి తేలికైన విషయం, ఆచరించడానికి కష్టమైన విషయం. అందువల్ల ఇటువంటి ప్రసంగాలలో వక్తకు ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. తాను పడని కష్టాన్ని ఎదుటివారికి ఉపదేశించి, చప్పట్లు అందుకొని వెళ్లిపోవడం ఆ ప్రమాదం. ప్రవక్తల చరిత్రల నుంచి, ఖలీఫాల జీవితాల నుంచి ఉదాహరణలు చెప్పగల వారు మన మసీదుల్లో ఉన్నారు. ఆ పనిని వారు నాకన్న చక్కగా చేస్తున్నారు. నేను ఈ నల్లరేగడి నేల మీద, పత్తి, మిరప పండే ఈ ఊళ్ల మధ్య నడిచిన మనుషుల గురించి మాత్రమే మాట్లాడదలచుకున్నాను. వారిలో కొందరు మన మతం వారు కారు. అయినా వారి అనుభవం మనకు పనికివస్తుంది.

సత్తెనపల్లిలో నిలబడి ఈ విషయం మాట్లాడేవాడు వావిలాల గోపాలకృష్ణయ్య గారి పేరు చెప్పకుండా కూర్చోవడం మర్యాద కాదు. 1906లో ఈ ఊళ్లో పుట్టి, స్వాతంత్ర్యోద్యమంలో జైళ్లు చూసి, 1952, 1955, 1962, 1967 ఎన్నికలలో నాలుగుసార్లు ఈ నియోజకవర్గం నుంచి శాసనసభకు వెళ్లిన వారాయన. గ్రంథాలయాల కోసం, తెలుగు భాష కోసం, మద్యనిషేధం కోసం తిరిగారు. 1992లో పద్మభూషణ్ వచ్చింది. 2003లో మరణించారు. ఖద్దరు బట్ట, చేతిసంచి తప్ప ఆయన గుర్తులుగా చెప్పుకోవడానికి మరేమీ మిగలలేదన్న సంగతి ఇక్కడి పెద్దలకు నాకన్న బాగా తెలుసు. నాలుగుసార్లు గెలిచిన మనిషికి ఏమి మిగలాలో ఈ రోజుల్లో మనకు కొన్ని అంచనాలున్నాయి గనుక ఈ మాట చెప్పవలసి వచ్చింది. ఆయన గురించి ఇంతకు మించి మీ ఊరివారికి నేను చెప్పనక్కరలేదు.

సభ మొదలు కావడానికి ముందు ఒక కుర్రవాడు నన్ను పక్కకు పిలిచి ఒక ప్రశ్న అడిగాడు. చదువు పూర్తయి, పట్నంలో ఉద్యోగం దొరికి, అద్దె గది కోసం తిరుగుతున్నాడట. గది ఖాళీగా ఉందని చెప్పిన ఇంటివారు పేరు విన్న తరువాత ఎవరికో మాట ఇచ్చేశామన్నారట. ఒకచోట కాదు, మూడుచోట్ల అదే జవాబు. ఇంటికొచ్చి చెబితే పెద్దలు సబ్ర్ చేయమన్నారు. "అయ్యా, మేము ఎంతకాలం మర్యాదగా ఉండాలి?" అని అతని ప్రశ్న. అతడు ఈ సభలోనే ఉన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా నేను ఈ వేదిక దిగడం న్యాయం కాదు.

సబ్ర్ అన్న మాటను మన ఇళ్లలో రెండు అర్థాలలో వాడుతున్నాం. దెబ్బ తగిలినప్పుడు నోరు మూసుకొని ఇంట్లో కూర్చోమనడానికి వాడుతున్నాం. తీసుకున్న నిర్ణయం నుంచి తొలగకుండా నిలబడమనడానికీ వాడుతున్నాం. మొదటి అర్థంలో దానిని వాడేవారు సాధారణంగా ఆ దెబ్బ తినని వారై ఉంటారు. నేను రెండవ అర్థంలోనే మాట్లాడుతున్నాను. ఈ రెండింటికి తేడా ఏమిటో పుస్తకంలో వెతకనక్కరలేదు. నూరేళ్ల కిందట మన పాత గుంటూరు జిల్లాలో ఒక ఊరు ఊరంతా చూపించింది.

ఇప్పుడు చీరాల వేరే జిల్లాలో ఉంది, ఈ సత్తెనపల్లి వేరే జిల్లాలో ఉంది. 1921 నాటికి రెండూ గుంటూరు జిల్లాలోనివే. చీరాల, పేరాల గ్రామాలను కలిపి ప్రభుత్వం 1919లో మునిసిపాలిటీ చేసింది. అంతవరకు ఏడాదికి సుమారు 4,000 రూపాయలుగా ఉన్న పన్ను 40,000 దాకా పెరిగే పరిస్థితి వచ్చింది. అక్కడివారిలో ఎక్కువమంది నేతగాళ్లు, చిన్న వ్యాపారులు. మాకు మునిసిపాలిటీ వద్దు, ఇంత పన్ను కట్టే శక్తి లేదు అని అర్జీలు పెట్టుకున్నారు. వినలేదు. పన్ను కట్టమన్నారు. కట్టనన్నవారిని జైలుకు పంపారు. 1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చినప్పుడు వారి ముందు రెండు దారులున్నాయని చెప్పారు. ఒకటి, ఊళ్లోనే ఉండి శాంతియుతంగా పన్ను నిరాకరించి శిక్షలు అనుభవించడం. రెండవది, ఊరే వదిలి మునిసిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోవడం. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో వారు రెండవ దారి పట్టారు.

సుమారు 15,000 జనాభాలో 13,000 మందికి పైగా ఇళ్లు వదిలిపెట్టారు. హద్దు అవతల పాకలు వేసుకొని దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఏప్రిల్ నెలాఖరు ఎండలు ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కరలేదు. ఆ ఎండల్లో మొదలుపెట్టి, వానలు దాటి, చలికాలం దాటి పదకొండు నెలలు ఆ పాకల్లో ఉన్నారు. చీరాల నేతగాళ్ల ఊరని చెప్పాను గదా. గుంటమగ్గం కొయ్యలను ఊడదీసి భుజాన వేసుకోవచ్చు గాని గుంటను ఎవరూ మోసుకుపోలేరు. అంటే పన్ను తప్పించుకోవడానికి వారు పన్నుకన్న ఎక్కువ పోగొట్టుకున్నారు. లెక్క తెలిసినవాడు ఎవడూ ఆ పని చేయడు. వారికి లెక్క తెలియక కాదు. తమ ఊరి సంగతి తమను అడగకుండా తేల్చడం వారికి పన్నుకన్న బరువుగా తోచింది.

ఈ కథలో నన్ను ఆలోచింపజేసేది వారు ఊరు వదలడం ఒక్కటే కాదు. పదమూడు వేల మంది కోపంతో ఉన్నప్పుడు, చేతికి అందే దూరంలో ఖాళీ ఇళ్లూ పన్ను అధికారులూ ఉన్నప్పుడు, ఉద్యమం శాంతియుతంగానే సాగింది. గోపాలకృష్ణయ్య ఏర్పరచిన రామదండు వాలంటీర్లు క్రమశిక్షణ కాపాడారు. ఆ సంవత్సరమే బరంపురంలో మాట్లాడరాదన్న ఆజ్ఞను ధిక్కరించినందుకు ఆయనకు ఏడాది జైలు పడింది, తిరుచిరాపల్లి జైలుకు పంపారు. నాయకుడు లేడు, చేతిలో డబ్బు లేదు. చివరికి ప్రజలు తిరిగి ఊళ్లోకి వచ్చారు. పన్ను నిలిచింది. కంటికి కనిపించే లెక్క ప్రకారం వారు ఓడిపోయారు. ఎడింబరోలో అర్థశాస్త్రం చదివి వచ్చిన గోపాలకృష్ణయ్య 1928లో, నలభై ఏళ్లైనా నిండకుండా, క్షయతో, పేదరికంలో కన్నుమూశారు.

కష్టం పడినవారికి తప్పక విజయం లభిస్తుందని మన సభల్లో చెబుతూ ఉంటారు. అది అబద్ధం. యువకులకు అబద్ధం చెప్పి ఉద్యమంలోకి పిలవడం నాకు ఇష్టం లేదు. చీరాల పేరాల ఫలితాన్ని చూసి ఎవరైనా అది వ్యర్థమంటే వారితో నేను వాదించను. అయితే తరువాతి తరం వారు పన్ను నిరాకరణ గురించి మాట్లాడిన ప్రతిసారీ ఆ పాకలనే తలచుకున్నారన్నది మాత్రం చరిత్ర.

ఇక నేను అసలు చెప్పదలచుకున్న మనిషి దగ్గరకు వస్తాను. ఈయన మనవాడు. ఇక్కడికి ఎంతో దూరం లేని పొన్నెకల్లులో, తాడికొండ మండలంలో, 1920లో పుట్టాడు. దూదేకుల కుటుంబం. పేరు షేక్ నాజర్. ఆయన గొంతు విన్నవారు ఈ సభలో కొందరైనా ఉంటారు. వినని పిల్లల కోసం కొంచెం వివరంగా చెబుతాను.

దూదేకులవారి పని ఏమిటో కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ తరంలో ఆ పనిని కళ్లారా చూసినవారు తక్కువ. పత్తి గింజ తీసిన తరువాత దూది ముద్దగా ఉంటుంది. ఒక పెద్ద విల్లును దూది మీదుగా పట్టుకొని, దాని నారిని కొయ్య సుత్తితో కొడితే ఆ అదురుకు దూది విడివడి, దుమ్మూ చెత్తా రాలిపోయి, పింజలు పింజలుగా లేస్తుంది. ఆ దూదితోనే పరుపులు, దిండ్లు. ఆ దూదిని చుట్టిన ఏకులతోనే రాట్నం మీద నూలు. ఖద్దరు ఉద్యమం గురించి చెప్పేటప్పుడు అందరూ రాట్నం బొమ్మ వేస్తారు. రాట్నానికి ఏకు అందించిన విల్లు బొమ్మ ఎవరూ వేయరు. రోజంతా ఆ దూది దుమ్ము పీల్చినవాడి ఊపిరితిత్తుల సంగతి సరే సరి. దూదిపింజ అన్న మాటలో ఉన్న పింజే పింజారి అన్న మాటలోనూ ఉంది. పత్తి పండే ఈ ప్రాంతంలో ఆ పని లేనిదే ఎవరికీ పరుపు లేదు, బట్ట లేదు. అయినా ఈ ప్రాంతంలోనే, ఈ భాషలోనే పింజారి అన్నది తిట్టు అయింది. నీచుడు, పనికిమాలినవాడు అనడానికి ఆ మాట వాడతారు. సినిమాల్లో వాడారు. బడిలో పంతుళ్లు వాడారు. ఇప్పటికీ వాడుతున్నారు.

అటువంటి ఇంట్లో పుట్టిన పిల్లవాడు దర్జీ పని చేశాడు, సంగీతం నేర్చుకున్నాడు, నేర్పాడు, నాటకాలు వేశాడు. 1943లో ప్రజానాట్యమండలి ఏర్పడింది. అందులో చేరి బుర్రకథ పట్టుకున్నాడు. అంతకు ముందు జంగం కథలుగా, భిక్షకుల కథలుగా చిన్నచూపు చూసిన కళ అది. మధ్యలో కథకుడు తంబుర భుజాన వేసుకొని, వేళ్లకు అందెలు తొడిగి కథ నడుపుతాడు. ఇరుపక్కల డక్కీలతో వంతలు. ఒక వంత హాస్యం చెబుతాడు, రెండవ వంత పాత కథను ఈనాటి రాజకీయానికి ముడివేస్తాడు. వీరుల కథ వినడానికి కూర్చున్న రైతు లేచేటప్పటికి తన ఊరి భూస్వామి గురించి ఆలోచిస్తూ లేస్తాడు. పాలకులకు ఈ కళ అంటే భయం కలగడానికి కారణం ఆ రెండవ వంతే. బుర్రకథ దళాలను అడ్డుకోవడం, నిషేధించడం అందువల్లనే జరిగింది.

నాజర్ చెప్పిన కథల జాబితా ఒకసారి గమనించండి. పల్నాటి యుద్ధం. బొబ్బిలి యుద్ధం. ప్రహ్లాద చరిత్ర. క్రీస్తు కథ. అల్లూరి సీతారామరాజు. బెంగాల్ కరువు. ఒక సాయిబు ఊరూరా తిరిగి ప్రహ్లాదుని కథ చెప్పాడు, ఏసు కథ చెప్పాడు. తన కథ ఎక్కడా చెప్పలేదు. ఆకలి సంగతి ఆయనకు ఎవరూ నేర్పనక్కరలేదు. అయినా ఆకలి గురించి పాడవలసి వచ్చినప్పుడు 1943లో బెంగాల్‌లో చనిపోతున్నవారి ఆకలి గురించి పాడాడు. ఆ కరువులో మరణించినవారు సుమారు 30 లక్షలని చరిత్రకారుల అంచనా. వారు మాట్లాడే భాష ఈయనకు రాదు. ఆ దేశం ఈయన చూడలేదు. నిస్వార్థం అన్న మాటకు నాకు ఇంతకన్న మంచి ఉదాహరణ తోచదు. కడుపు నిండినవాడు దానం చేయడం మంచిదే. కడుపు నిండనివాడు తన ఆకలిని పక్కన పెట్టి ఇంకొకరి ఆకలి గురించి గొంతెత్తడం వేరు.

1948 తరువాత మద్రాసు రాష్ట్రంలో కమ్యూనిస్టుల మీద నిర్బంధం తీవ్రమైంది. ప్రజానాట్యమండలి దళాలు చెదిరిపోయాయి. కళాకారులు తలోదారి అయ్యారు. సినిమా రంగం పెరుగుతున్న కాలం అది. కొందరు అక్కడ స్థిరపడ్డారు, వారిని నేను తప్పు పట్టను. నాజర్ కూడా 1953లో గరికపాటి రాజారావు తీసిన పుట్టిల్లు చిత్రంలోను, 1954లో అగ్గిరాముడు చిత్రంలోను బుర్రకథ చెప్పాడు. అగ్గిరాముడులోని అల్లూరి సీతారామరాజు కథను ఈనాటికీ పెద్దలు తలచుకుంటారు. కాని ఆయన సినిమాలో స్థిరపడలేదు. మళ్లీ ఊళ్ల దారి పట్టాడు. తిరునాళ్లలో, రైతు సభల్లో, పందిళ్ల కింద చెప్పాడు. ఎందరికో ఆ కళ నేర్పాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997 ఫిబ్రవరి 22న మరణించాడు.

ఇంతవరకు చెప్పినది పత్రికల్లో, పుస్తకాల్లో ఉన్నదే. నేను మీ దృష్టికి తేదలచుకున్నది ఇంకొకటి. ఆయన తన జీవితకథను అంగడాల వెంకట రమణమూర్తి గారికి చెప్పి రాయించాడు. దానికి కళాకారుడు అనో, బుర్రకథ అనో పేరు పెట్టవచ్చు. గౌరవప్రదమైన పేర్లకు కరువు లేదు. ఆ పుస్తకం పేరు పింజారి.

ఈ ఒక్క మాట మీద కొంచెంసేపు ఆగుదాం. తనను, తన తండ్రిని, తన తాతను అవమానించడానికి వాడిన మాట అది. దానికి మూడు విధాలుగా జవాబు చెప్పవచ్చు. మౌనంగా భరించి, పేరు మార్చుకొని, ఊరు మార్చుకొని, ఆ మాట వినపడని చోటికి పారిపోవచ్చు. మనలో చాలామంది అదే చేశారు. లేదా తిట్టినవాడిని అంతకన్న పెద్ద తిట్టు తిట్టవచ్చు. అదీ చేస్తున్నాం, ముఖ్యంగా ఫోన్లలో. నాజర్ మూడవ పని చేశాడు. ఆ మాటను ఎత్తుకొని పుస్తకం నెత్తిన పెట్టాడు. ఇక ఆ మాటను తిట్టుగా వాడేవాడు ముందు నాజర్‌ను తలచుకోవలసి వస్తుంది. అది లొంగుబాటు కాదు, మౌనం కాదు. అందులో ఎవరి మీదా విషం లేదు. నాకు తెలిసిన నిగ్రహం ఇదే. మర్యాదగా ఉండటం అంటే తలవంచుకోవడం కాదని, అద్దె గది దొరకని ఆ కుర్రవాడికి నేను చెప్పగలిగిన జవాబులో మొదటి సగం ఇది.

రెండవ సగం ఈ హాలులోని పెద్దలకు నచ్చకపోవచ్చు. అయినా చెప్పక తప్పదు.

పింజారి అన్న మాటను బయటివారే వాడారా? మన మధ్య ఎవరూ వాడలేదా? నమాజులో భుజానికి భుజం ఆనించి ఒకే వరుసలో నిలబడతాం. అంతవరకు సమానత్వం నిజమే. సంబంధం మాట వచ్చేసరికి మాత్రం "వాళ్లు దూదేకులవాళ్లు, ఉర్దూ రాదు, పేర్లు కూడా తెలుగు పేర్లే" అన్న మాటలు మన ఇళ్లలోనే వినబడతాయి. గది ఇవ్వని ఇంటివారి మీద మనకు కోపం వస్తుంది, రావాలి. మనం పిల్లను ఇవ్వని ఇంటి గుమ్మం ముందు నిలబడిన నూర్‌బాషా తండ్రికి ఎవరి మీద కోపం రావాలి? సయ్యదుకు పఠాను తక్కువ, పఠానుకు షేకు తక్కువ, అందరికీ దూదేకుల తక్కువ, ఆ కింద మెహతర్ ఉండనే ఉన్నాడు. పైనుంచి పడిన దెబ్బను అక్కడే ఆపేవాడు ఒక్కడూ లేడు. ఒక మెట్టు కిందికి దించి చేతులు దులుపుకుంటున్నాం.

కష్టాన్ని ఎదుర్కొనడంలో గొప్పతనం ఎక్కడుందని నన్ను అడిగితే, తనకు తగిలిన దెబ్బను కిందివాడికి అందించకుండా తన దగ్గరే ఆపడంలో ఉందంటాను. చీరాలవారు పన్ను దెబ్బను ఎవరి మీదికీ నెట్టలేదు, తామే ఎండలో కూర్చున్నారు. నాజర్ అవమానం నుంచి ప్రహ్లాదుని పాట తీశాడు, క్రీస్తు పాట తీశాడు, బెంగాల్ పాట తీశాడు. మన జిల్లాల నుంచి వెళ్లిన నాదస్వర విద్వాంసులదీ ఇదే కోవ. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా శ్రీరంగం వెళ్లి, ఆ రంగనాథుని సన్నిధిలో ఒక జీవితకాలం నాదస్వరం ఊదారు. 1977లో పద్మశ్రీ అందుకున్నారు. దాని మీద మతపెద్దల అభిప్రాయాలు రకరకాలుగా ఉంటాయి, ఆ చర్చలోకి నేను పోను. ఆయన ఊపిరిలో మాత్రం ద్వేషం లేదు. ఉంటే ఆ వాద్యం పలకదు.

త్యాగం గురించి మాట్లాడేటప్పుడు మనం మరచిపోయే లెక్క ఇంకొకటి ఉంది. కథకుడు ఊరూరా తిరుగుతున్నప్పుడు ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించారు? రామనగర్ పాకలో వానాకాలంలో పసిబిడ్డను ఏ తల్లి పొడిగా ఉంచింది? నాయకుడు జైలుకు వెళితే ఇల్లు ఎవరు నడిపారు? సిద్ధాంతం ఎంచుకున్నది ఆయన. కష్టం పంచుకున్నది ఆమె. ఆమెను ఎవరూ సిద్ధాంతం గురించి అడగలేదు. చరిత్ర పుస్తకాల్లో ఆమె పేరు వెతికితే దొరకదు. మన సంఘాల్లో పనిచేసే యువకులకు నేను ఎప్పుడూ ఒక మాట చెబుతుంటాను. ఇంట్లోవారిని అడగకుండా చేసే త్యాగం సగం దొంగతనం. అది విని కొందరు నవ్వుతారు, వారి భార్యలు నవ్వరు. ఉద్యమంలో దిగేవాడు ముందు ఇంట్లో కూర్చొని ఆ సంగతి మాట్లాడాలి. సంఘం కూడా మాట్లాడాలి. కేసుల్లో ఇరుక్కున్న కుర్రవాడికి దండ వేయడం కన్న అతని తల్లికి నెలకు బియ్యం పంపడం ముఖ్యం. దండకు ఫొటోగ్రాఫరు వస్తాడు, బియ్యానికి రాడు. తేడా అంతే.

ఇప్పుడు హక్కుల మాట. నిగ్రహం గురించి ఇంతసేపు మాట్లాడి హక్కులను వదిలేస్తే పాలకులకు సంతోషం తప్ప మనకు ఏమీ ఒరగదు. 1970లో ప్రభుత్వం వెనుకబడిన తరగతుల జాబితా ప్రకటించినప్పుడు దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అన్న పేర్లు బి వర్గంలో చేరాయి. విచిత్రం చూడండి. వీధిలో తిట్టుగా వాడే మాటే ప్రభుత్వ ఉత్తర్వులో ఒక సముదాయం పేరు. 2007 చట్టం ద్వారా సామాజికంగా వెనుకబడిన ఇతర ముస్లిం వర్గాలకు ఇ వర్గం కింద 4 శాతం వచ్చింది. అంతకు ముందు చేసిన ప్రయత్నాలను న్యాయస్థానాలు కొట్టివేశాయి. ఈ చట్టం మీది వివాదం కూడా సుప్రీంకోర్టుకు వెళ్లింది, 2010లో వచ్చిన మధ్యంతర ఉత్తర్వుల బలంతో అమలు కొనసాగింది. కాబట్టి ఈ హక్కు రాతి మీద చెక్కినది కాదు. మన వెనుకబాటుకు ఆధారాలు మనమే భద్రపరచుకోవాలి. మన వృత్తులు ఏమిటి, ఎవరు ఏ పని చేశారు, ఏ పని ఎప్పుడు పోయింది, పిల్లలు ఎందాక చదివారు అన్న లెక్కలు కావాలి. మేము తక్కువవాళ్లం కాదు అని ఇంట్లో గొప్పలు చెప్పుకుంటూ వృత్తిని దాచుకునేవాడు రేపు కోర్టులో వెనుకబాటును ఎలా నిరూపిస్తాడు? పింజారి అన్న మాటను ముఖపత్రం మీద వేసుకున్న నాజర్ ధైర్యం ఇక్కడ చట్టానికి కూడా పనికివస్తుంది.

ఆ కుర్రవాడి గది సంగతి కూడా ఇంతే. మూడుచోట్ల కాదన్నారని నాకు చెప్పాడు. తేదీలు, వీధి పేర్లు, అన్న మాటలు కాగితం మీద రాసుకున్నావా అని అడిగాను. లేదన్నాడు. రాసుకోమన్నాను. ఒక కాగితం ఫిర్యాదు, వంద కాగితాలు సాక్ష్యం. కోపం వచ్చిన రాత్రి ఫోనులో ఏదో రాసి పంపడం కన్న ఈ పని విసుగైనది. చప్పట్లు పడవు. అయినా తరువాత ఆ వీధిలో గది కోసం తిరిగే మరొక పిల్లవాడికి ఉపయోగపడేది అదే. తాను మేలు పొందకుండా తరువాతివాడి కోసం చేసే పని అది.

చివరగా నిర్వాహకులకు రెండు విన్నపాలు. ఈ ఊరి శాఖా గ్రంథాలయంలో పింజారి పుస్తకం ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే రెండు ప్రతులు తెప్పించి ఇవ్వండి, ఖర్చు నేను భరిస్తాను. వావిలాల వారి ఊరిలో గ్రంథాలయానికి పుస్తకం ఇవ్వడం కష్టం కాకూడదు. రెండవది, సత్తెనపల్లి, నరసరావుపేట, పిడుగురాళ్ల చుట్టుపక్కల ఊళ్లలో దూదేకిన పెద్దలు ఇంకా కొందరు బతికే ఉన్నారు. వారి పేరు, ఊరు, ఎన్నేళ్లు ఆ పని చేశారు, మర ఎప్పుడు వచ్చింది, తరువాత ఏ పనికి వెళ్లారు అన్నవి వారి మాటల్లోనే రాయించాలి. విద్యార్థులు ముగ్గురు నలుగురు ముందుకు వస్తే ఒక వేసవి సెలవుల్లో అయిపోతుంది. ఎవరి అటక మీదనైనా పాత విల్లు ఉంటే దానిని పొయ్యిలో పెట్టకండి. నారి తెగిపోయినా ఫరవాలేదు. కబురు చేస్తే నేను వచ్చి తీసుకువెళతాను.